ద్రాక్షతోటలో అక్క పంక్తి

మొన్న గోదావరిఖనిలో ఒక పెళ్ళికి వెళ్ళాను. ఫంక్షన్ హాలు గుమ్మం దగ్గరే బల్ల వేసి, దాని మీద ద్రాక్షరసం గ్లాసులు పేర్చారు. పొడుగు కాడ ఉన్న గాజు గ్లాసులు. ఒకటి తీసుకున్నాను. నాకు తెలియకుండానే రెండు వేళ్ళతో కాడ పట్టుకుని, గ్లాసును మెల్లగా తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పక్కనే ఉన్న పాత షిఫ్టు దోస్తు నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏందన్నా, రసం పులిసిందా ఏంది, గట్ల వాసన చూస్తున్నవ్?" అన్నాడు.

నాకు నవ్వాగలేదు. ఆ అలవాటు ఎక్కడిదో చెప్పాలంటే పెళ్ళయిపోయి అప్పగింతలు కూడా అయిపోతాయి. అందుకే గ్లాసు ఖాళీ చేసి ఊరుకున్నాను. కానీ ఇంటికొచ్చాక కూడా అక్క నా మనసులోంచి కదలలేదు.

అక్క నాకు తోడబుట్టింది కాదు. మా క్వార్టర్ల వరుసలో చివరి ఇంట్లో ఉండేది. మా బొగ్గు కంపెనీ గెస్ట్‌హౌసులో వంట ఆమెది. అక్కడ దిగే పెద్ద ఆఫీసర్ల దగ్గర్నుంచి మా వీధిలో పాలు పోసే ముసలాయన దాకా అందరికీ ఆమె అక్కే. అసలు పేరు జీతం చీటీ మీద తప్ప ఎక్కడా కనపడేది కాదు. ఆ పేరు పెట్టి రాస్తే మా వాళ్ళెవరూ గుర్తుపట్టరు కాబట్టి నేనూ అక్క అనే రాస్తాను.

పొట్టి మనిషి. చేతులకు తడి లేకపోయినా కొంగుకు తుడుచుకునేది. గెస్ట్‌హౌసు భోజనాల గదిలో కుర్చీలకు కాస్త వెనక, ఒక కాలు నేల మీద, ఇంకో కాలి మడమ గోడకు ఆనించి, గంటె పట్టుకుని నిలబడేది. తినేవాళ్ళ ముఖాల వైపు చూసేదే కాదు. ఆమె చూపంతా కంచాల మీదే. ఏ కంచంలో ఏది తగ్గిందో, ఎవరు దేన్ని పక్కకు తోస్తున్నారో అదే ఆమెకు కావలసింది. ఒకసారి హైదరాబాదు నుంచి వచ్చి వెళ్ళిన ఒక పెద్ద ఆఫీసరు ఎలా ఉంటాడని అడిగాను.

"ముఖం యాదికి లేదు తమ్మీ. పప్పు కోసం అన్నం మీద గుంత జేసుకుంటడు. మంచోడే," అంది.

ఎవరు ఏ వార్త మోసుకొచ్చినా ఆమె జవాబు ఒక్కటే: "ముందుగాల తిను. తిన్నంక చెప్పు." మా పక్కింటామె ఒకసారి తోటికోడలితో పోట్లాడి, ఏడుస్తూ అక్క దగ్గరికి పోయింది. మామిడికాయ పప్పుతో అన్నం పెట్టి, తిన్నాక చెప్పమంది అక్క. తినడం అయ్యేసరికి పక్కింటామెకు సగం ఫిర్యాదు గుర్తు లేదు. మిగతా సగం చెప్పాలనిపించలేదట.

మరి అక్క ఎప్పుడు తినేది? అందరూ తిన్నాక, గిన్నెలు కడగబోయే ముందు, పొయ్యి పక్కన నిలబడి, గిన్నెలో మిగిలింది గిన్నెలోనే కలుపుకుని తినేది. కంచం పెట్టుకోరాదా అంటే, మళ్ళీ దాన్ని తోముడెందుకు అనేది. ఇంట్లోనూ అంతే. అన్నేళ్ళలో ఆమె కంచం ముందు కూర్చోగా నేను చూడలేదు. అప్పట్లో నాకు అది వింతగా తోచలేదు కూడా. మా ఇళ్ళలో చాలామంది ఆడవాళ్ళు అలాగే తింటారు.

ఇక ఫ్రాన్సు సంగతి. తొంభైల మొదట్లో, మందంగా ఉన్న బొగ్గు పొరను తీసే ఒక కొత్త పద్ధతి నేర్పడానికి ఫ్రాన్సు నుంచి కొందరు ఇంజనీర్లు మా గనికి వచ్చారు. కొన్నేళ్ళు గెస్ట్‌హౌసులోనే ఉన్నారు. వాళ్ళలో ఒకాయన తలుపు కింద వంగి నడిచేంత పొడుగు. మా వాళ్ళు పొడుగు సారు అనేవాళ్ళు. ఆయన సొంతూరు బర్గండీ అనే సీమలో ఉంది. అక్కడ వాళ్ళకు ద్రాక్షతోటలు ఉన్నాయి, తరతరాలుగా వైను చేస్తారు. ఆయన మాత్రం తోట అన్నకు వదిలి బొగ్గులోకి దిగాడు.

పొడుగు సారు డ్యూటీ నుంచి నేరుగా వంటింట్లోకి వచ్చేవాడు. పెనం మీది సర్వపిండిని వేళ్ళు కాలుతున్నా అక్కడే విరుచుకుని తినేవాడు. ఆదివారాలు భోజనాల బల్ల దగ్గర అక్క కోసం ఒక కుర్చీ వేయించి, కూర్చోమని చేత్తో చూపించేవాడు. అక్క నవ్వి, ఆ కుర్చీ మీద అన్నం గిన్నె పెట్టేది. వడ్డించడానికి అందుబాటుగా ఉందని ఆమె సంతోషం. అన్ని ఆదివారాలూ ఆ కుర్చీలో అన్నం గిన్నే కూర్చుంది.

వాళ్ళు వెళ్ళిపోయే రోజు వీడ్కోలు భోజనంలో పొడుగు సారు లేచి అక్కతో ఏదో చెప్పాడు. అప్పటికి కొత్తగా చేరిన ఇంజనీరు ఒకాయన, కోస్తా వైపు నుంచి వచ్చినాయన, ఫ్రెంచి కాస్త నేర్చుకుని ఉన్నాడు. ఆయనే తెలుగులో చెప్పాడు: "ఇన్నేళ్ళూ మీరు నిలబడ్డారు, మేం తిన్నాం. మా ఇంటికి రండి. మీరు కూర్చుంటారు, నేను వడ్డిస్తాను అంటున్నారండీ." అందరూ చప్పట్లు కొట్టారు. వీడ్కోలు మాటలు కదా, అందరూ మరిచిపోయారు కూడా.

అక్క మరిచిపోలేదు. అయితే ఆ సంగతి మాకు చాలా ఏళ్ళ తరువాత గానీ తెలియలేదు.

ప్రత్యేక రాష్ట్రం కోసం ఊరూరా సభలు జరుగుతున్న రోజులవి. ఆ కోస్తా ఇంజనీరు అప్పటికి పెద్ద ఆఫీసరు. ఏదో పని మీద ఫ్రాన్సు వెళ్ళి, పొడుగు సారును కలిసి వచ్చాడు. వచ్చిన మర్నాడే గెస్ట్‌హౌసు వంటింటి గుమ్మంలో నిలబడి చెప్పాడట: "అక్కగారూ, ఆయన రిటైరై సొంతూళ్ళోనే ఉన్నారండి. మీ కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంది, ఎప్పుడొస్తారని అడిగారు. ద్రాక్ష కోతలప్పుడు రమ్మన్నారు. తోటలు తిప్పి, ఊరూరి వైన్లు రుచి చూపించి, ఇంట్లో భోజనం పెడతారట. వచ్చే ఏడు మా ఆవిడా నేనూ వెళ్తున్నాం. మాతో వచ్చేయండి."

అక్క అలవాటుగా "తిన్నంక చెప్పు సారూ" అంది. ఆయనకు వడ్డించింది. ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చింది. అప్పటికి ఆమె రిటైర్మెంటు దగ్గర పడింది.

"ఫ్రాన్సు ఎటుంటది తమ్మీ?" అని అడిగింది.

ఆ ప్రశ్న నన్ను అడిగిందంటే కారణం ఉంది. నేను గనిలో ల్యాంపు రూములో పని చేసేవాణ్ణి. కిందికి దిగేవాళ్ళకు టోపీ దీపాలిచ్చి, పైకొచ్చాక తీసుకుని చార్జింగు పెట్టడం నా పని. బడి ఏడో తరగతితో ఆగిపోయింది. మిగతా చదువంతా మా ఊరి గ్రంథాలయం బెంచీ మీద చదివిందే. ఏ బీరువాలో ఏ పుస్తకం ఉందో అక్కడి ఉద్యోగికన్నా నాకే బాగా తెలుసని కాస్త గర్వం కూడా ఉండేది. ఫ్రాన్సు ఎటుందో చెప్పమంటే నాకు పండగే.

మర్నాడే అట్లాసు ముందేసుకున్నాను. తరువాత ఇంగ్లీషు విజ్ఞాన సర్వస్వంలో వైను గురించి ఉన్న సంపుటం, దాని పక్కన నిఘంటువు. ఒక్కో పేజీకి ఒక్కో సాయంత్రం పట్టింది. చదివింది చదివినట్టు వెళ్ళి అక్కకు చెప్పేవాణ్ణి. బర్గండీలో ఒకే వాలును చిన్నచిన్న మళ్ళుగా పంచుకున్నారని, ఒకే రకం ద్రాక్ష అయినా ఈ మడి వైను రుచి పక్కమడి వైనుకు రాదని, అది నేల మహిమ అని వివరించాను.

అక్క బియ్యం ఏరుతూ విన్నది. "ఉంటది. మా కమాన్‌పూర్ దిక్కు గుడ ఈ చెట్టు కల్లు తీరు ఆ చెట్టుకుండదు," అని, "అది సరే గని, ఆడ భోజనాలు ఎట్ల తమ్మీ?" అంది.

నేను రుచుల గురించి చెబుతుంటే ఆమె అడిగేవన్నీ భోజనాల గురించే. కింద కూర్చుంటారా, బల్ల మీదా? వడ్డన ఏ వైపు నుంచి మొదలు పెడతారు? చాలు అనడానికి మనం విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినట్టు వాళ్ళేం చేస్తారు? విజ్ఞాన సర్వస్వంలో ఇవేవీ లేవు. ఒక యాత్రా పుస్తకంలో మాత్రం, అక్కడి పల్లెల్లో మధ్యాహ్న భోజనానికి రెండు గంటలు కూర్చుంటారని దొరికింది. పరుగున పోయి చెప్పాను. ఆమె చేతిలో చాట ఆగిపోయింది.

"రెండు గంటలు కూసుంటరా? మరి షిఫ్టుకు ఎవలు పోతరు?" అంది. మెల్లగా, "రెండు గంటలు," అని మళ్ళీ తనలో తాను అనుకుంది.

అప్పుడు అర్థమైంది నాకు. ఆమె వైను కోసం పోవడం లేదు. పొడుగు సారు మాట ఇచ్చాడు. ఆ మాట ప్రకారం ఒక్క పూట తను కూర్చోవాలి, ఇంకొకరు తనకు వడ్డించాలి. తోటలు, వైన్లు ఆ పూటకు తోవ మాత్రమే. అయినా నా వైను పాఠాలు నేను మానలేదు. చదివింది చెప్పడానికి వినే మనిషి దొరకడం మా బోటివాళ్ళకు చిన్న విషయం కాదు.

వార్త కాలనీలో పాకింది. అక్క తాగడానికి ఫ్రాన్సు పోతోందట అని నీళ్ళ ట్యాంకు దగ్గర ఒకటే నవ్వులు. ఆ నవ్వు సెంటినరీ కాలనీలో ఉండే ఆమె అల్లుడి దాకా పోయింది. ఆయనా గనిలోనే పని. ఆదివారం భార్యను తీసుకుని వచ్చేశాడు. అప్పుడు నేను అక్క ఇంట్లోనే, బర్గండీ పటం గీసి చూపిస్తున్నాను. నన్ను చూస్తూనే అసలు దొంగ దొరికాడన్నట్టు చూశాడు. ఈ వయసులో ఆడమనిషి దేశం దాటి మందు రుచి చూడ్డానికి పోవుడేంది, నలుగుట్ల మా ఇజ్జత్ ఏం గావాలె అని చాలాసేపు మాట్లాడాడు. అక్క అంతసేపూ ఆయనకు అన్నం పెడుతూనే ఉంది. ఆయన చెయ్యి కడుక్కున్నాక అప్పుడు నోరు విప్పింది.

"అల్లుడా, నువ్వు రోజు డ్యూటీ దిగి వైన్సు దుకాణం ముంగట నిలబడి తాగుతవు. నేను ఒక్కపాలి కూసొని తాగ పోతున్న. గంతే తేడా."

కూతురు నవ్వు దాచుకోవడానికి వంటింట్లోకి పోయింది.

పాస్‌పోర్టు, వీసా పనులన్నీ ఇంజనీరు సారే చూసుకున్నాడు. పాస్‌పోర్టు ఫోటో కోసం స్టూడియోకు తీసుకుపోయింది మాత్రం నేను. అక్కడ స్టూలు మీద కూర్చోమంటే అంచుకు ఆనినట్టు ఆనింది. ఫోటో తీసేవాడు దీపం సర్దడానికి కదలగానే, సాయం చేస్తానని లేచింది. అలా ఎన్నిసార్లు లేచిందో. చివరికి అతను, "అమ్మా, మీరు కూసుంటె నాకు సాయం," అన్నాడు.

అక్కడ నాకు భయం పట్టుకుంది. ఈమె ఆ పొడుగు సారు ఇంట్లో ఎలా కూర్చుంటుంది?

ఇంటికొచ్చి నా భార్యతో చెబితే, ముందు ఇక్కడ అలవాటు చేద్దామంది. ఒక ఆదివారం మా ఇంట్లోనే ఏర్పాటు చేశాం. నేను చదువుకునే బల్ల ఖాళీ చేసి దుప్పటి పరిచాం. ఇంజనీరు సారు ఇంటి నుంచి కాడ ఉన్న గ్లాసులు తెచ్చాను. వైను కోసం వైన్సు దుకాణానికి పోయాను. వైన్సు అని ఎంత పెద్ద బోర్డు ఉన్నా లోపల వైను ఉండదని నాకు అప్పుడే తెలిసింది. దుకాణం ఆయన వెనక అరలన్నీ వెతికి, దుమ్ము పట్టిన సీసా ఒకటి తీసి, తుడుస్తూ, "ఇంట్ల ఎవలన్న బాలింత ఉన్నదా అన్నా?" అని అడిగాడు. రక్తం పట్టడానికి బాలింతలకు పోస్తారట. మరి దేనికని ఆయనకు చెప్పను? ఉంది అన్నాను.

అక్క మంచి చీర కట్టుకుని వచ్చింది. కుర్చీలో కూర్చోబెట్టాం. ముందు వైను పాఠం. కాడ పట్టుకోవాలి, గ్లాసు బొజ్జ పట్టుకుంటే చేతి వేడి తగులుతుంది. తిప్పాలి, వాసన చూడాలి, కాస్త నోట్లో పోసుకుని నాలుక మీద అటూ ఇటూ తిప్పి, పక్కన పెట్టిన బకెట్లో ఉమ్మెయ్యాలి. రోజంతా చాలా చోట్ల రుచి చూస్తారు కాబట్టి మింగితే మత్తెక్కుతుంది, అందుకని పుస్తకంలో అలా రాశారు అన్నాను.

అక్క గ్లాసు కింద పెట్టింది. "అందరి ఎంగిలి ఒక్క బకెట్లనా?"

"అక్కడి పద్ధతి అక్కా."

"పిలిచినోని ఇంట్ల, ఆయన పోసింది, ఆయన ముంగట్నే ఉమ్ముడా? పద్ధతి ఎవలిదైతె ఏంది. నేను మింగుత."

"మత్తొస్తే?"

"మత్తొస్తె కూసునే ఉంట గదా," అంది. ఆ మాటకు జవాబు పుస్తకంలో ఉన్నట్టు గుర్తులేదు.

తరువాత భోజనం. నా భార్య వంటింట్లోంచి గిన్నె తెచ్చింది. గంటె గిన్నె అంచుకు తగిలి చిన్న చప్పుడైంది. అంతే, అక్క లేచి నిలబడింది. ఎందుకు లేచిందో ఆమెకే తెలియదు. మళ్ళీ కూర్చోబెట్టాం. అన్నం పెట్టాం. ఉప్పు తెస్తానని లేచింది. ఉప్పు కంచంలోనే ఉంది. నీళ్ళు తెస్తానని లేచింది. నీళ్ళు చేతి పక్కనే ఉన్నాయి. ఇలా కాదని నా భార్య, అక్కను అడిగే, ఆమె కొంగును కుర్చీ వెనక కర్రకు ముడేసింది. కూర వరకు బాగానే నడిచింది. చారు గిన్నె గుమ్మం దాటగానే అక్క లేచింది. కుర్చీ కూడా వెంట లేచింది. వీపు మీద కుర్చీతో అక్క, చేతిలో చారుతో నా భార్య. ముగ్గురం నవ్వి నవ్వి కూలబడ్డాం. చారు సగం నేలపాలైంది.

నవ్వు తగ్గాక అక్క కొంగు ముడి విప్పుకుంటూ, మా ఇద్దరి వైపూ చూడకుండా ఒక మాట అంది. "కూసుంటె గుబులైతది తమ్మీ. ఎవలో వచ్చి, లే, నీకేంది ఈడ పని అంటరేమో అనిపిస్తది."

నా భార్య గిన్నె కింద పెట్టి, వచ్చి ఆమె పక్కన కూర్చుంది. ఆ పూట ఇక ఎవరూ వడ్డించలేదు.

అయినా వదల్లేదు. ప్రతి ఆదివారం అక్క వచ్చేది, మేం వడ్డించేవాళ్ళం. కొన్నాళ్ళకు అన్నం, పప్పు, కూర దాకా కదలకుండా కూర్చోగలిగింది. చారు దగ్గర మాత్రం ఓడిపోయేది. ఇంజనీరు సారును కనుక్కుంటే, ఫ్రాన్సులో చారు ఉండదండీ, దానిలాంటిది ఉన్నా భోజనం మొదట్లోనే పోస్తారు అన్నాడు. మాకందరికీ ధైర్యం వచ్చింది.

కోతల కాలం దగ్గరపడింది. సరిగ్గా అప్పుడే రాష్ట్రం కోసం సమ్మె మొదలైంది. గనులు ఆగిపోయాయి, బస్సులు ఆగిపోయాయి. రైళ్ళు ఎప్పుడు నడుస్తాయో, ఎప్పుడు ఆపేస్తారో తెలియదు. ఆ ఏటి ఫ్రాన్సు ప్రయాణం వాయిదా పడింది. రోడ్ల మీదే పొయ్యిలు పెట్టి వండుకుని, వరుసగా కూర్చుని తినే వంటావార్పులు మొదలయ్యాయి. గోదావరిఖనిలో వంటావార్పు అంటే ఇంకెవరిని పిలుస్తారు? కుర్రకారు వచ్చి, "అక్కా, నువ్వు గంటె పట్టకుంటె నీళ్ళ పప్పే," అన్నారు. అక్క వెళ్ళి నడిరోడ్డు మీద వందల మందికి వడ్డించింది. నాకు మనసు చివుక్కుమంది. కూర్చోవలసిన రోజుల్లో మళ్ళీ వడ్డనేనా అన్నాను.

"ద్రాక్ష మల్ల ఏడాదికి గుడ కాస్తది. ఇది మల్ల మల్ల రాదు," అంది.

ఒకరోజు ఇంజనీరు సారు అటుగా వచ్చాడు. కోస్తా మనిషినని, ఎవరేమనుకుంటారో అని, రోడ్డు చివర చెట్టు పక్కనే నిలబడిపోయాడు. అక్క దూరం నుంచే గంటె ఊపి పిలిచింది. "సారూ, వచ్చి కూసోండ్రి. రాష్ట్రం సంగతి తిన్నంక మాట్లాడుదాం," అంది. పంక్తిలో అటూ ఇటూ జరిగి ఆయనకు చోటిచ్చారు.

మరుసటి ఏడు కోతలకు అక్క వెళ్ళింది. ఇంజనీరు దంపతుల వెంట, సంచిలో సకినాలు, మామిడి తొక్కు కట్టుకుని. బయలుదేరే ముందు నేను బర్గండీలో ఏ ఊరి తరువాత ఏ ఊరో వరుసగా మళ్ళీ అప్పజెప్పాను. అల్లుడు కూడా వచ్చి పెట్టె మోశాడు.

ఆమె తిరిగొచ్చిందని తెలియగానే ల్యాంపు రూము నుంచి నేరుగా వాళ్ళింటికే పోయాను. రుచులేమిటో, వాసనలేమిటో వినాలని నా ఆత్రం. ముందుగాల తిను అంది. తిన్నాను. తరువాత చెప్పింది.

వైను దాచే చోటుకు తీసుకుపోయారట. నేల కింద, మెట్లు దిగి పోవాలట. "మన బాయి లెక్కనే ఉన్నది తమ్మీ. చల్లగ, చీకటిగ, గోడలకు చెమ్మ. కరెంటు బుగ్గలు పెట్టిండ్రు." మా దిక్కు గనిని బాయి అంటారు. ఆ రోజుల్లో గనిలోకి ఆడవాళ్ళను దింపేవాళ్ళు కాదు. అక్క భర్త ఆ బాయిలోకే దిగుతూ బతికి, ఆ పనిలోనే పోయాడు. ఆయన కొలువు బదులే ఈమెకు గెస్ట్‌హౌసు పని వచ్చింది. ఇన్నేళ్ళు బొగ్గు ఊళ్ళో బతికి, నేల కింది లోకం ఎలా ఉంటుందో ఆమె మొదటిసారి చూసింది ఫ్రాన్సులో. "గోడను ఒకపాలి చేత్తోని తాకి చూసిన," అంది. వెంటనే, "మందు గిట్ల బాయిల దాస్తరని తెలిస్తె, మనోళ్ళు ఒక్క షిఫ్టు గుడ నాగా పెట్టకపోదురు," అని నవ్వించింది.

"రుచి ఎట్లుందక్కా? ఈ మడికీ ఆ మడికీ తేడా తెలిసిందా?"

"పులుపు. ఇంకోటి ఇంకింత పులుపు. అన్ని మింగిన." నా పేజీలన్నీ ఆ రెండు ముక్కల్లో అయిపోయాయి.

"మరి భోజనం?"

అక్క కొంగుతో చేతులు తుడుచుకుంది. పొడుగు సారుకు తలంతా నెరిసిందట. ఇంటి ముందు పెద్ద బల్ల వేసి, కుర్చీ తనే వెనక్కి లాగి కూర్చోబెట్టాడట. మొదటి వడ్డన ఆయనే వంగి చేశాడట. ఆమె రెండు చేతులతో కుర్చీ అంచులు పట్టుకుని బిగుసుకుని కూర్చుందట.

"లేచినవా?"

"లేవలే. ఒక్క ముద్ద నాకు పెట్టినంక ఆయన గుడ వచ్చి నా పక్కన్నే కూసున్నడు తమ్మీ. ఆయన భార్య కూసున్నది. కూరలన్ని నడుమ పెట్టిండ్రు. ఎవలకు కావాలంటె వాళ్ళు అందుకునుడు, పక్కోళ్ళకు ఇచ్చుడు. నా ఎన్క ఎవలు నిలబడలే. అందరు కూసుంటె నేను లేచి ఎటు పోవాలె?"

మళ్ళీ అంది: "వడ్డించేటోళ్ళు గుడ కూసోవచ్చునట. గీ ముచ్చట నాకు ఇన్నేండ్లు ఒక్కలు చెప్పలే."

నేను చదివిన ఏ పుస్తకంలోనూ అది లేదు. ఉన్నా ఆ వాక్యం నా కంటికి ఆనలేదేమో.

ఆ వచ్చే ఆదివారం అక్క మమ్మల్ని భోజనానికి పిలిచింది. నేను, నా భార్య, ఆమె కూతురు, అల్లుడు. చాప పరిచి, కంచాలు పెట్టి, అన్నం, పప్పు, కూర, చారు అన్నీ తెచ్చి నడుమ పెట్టేసింది. పెట్టి, మా అందరికన్నా ముందు తను కూర్చుంది. కంచంలో అన్నం వేసుకుని, గుంత చేసుకుని, పప్పు పోసుకుని తినడం మొదలు పెట్టింది.

మేం అలవాటుగా ఎదురుచూస్తున్నాం. అల్లుడు ఖాళీ కంచంతో అత్త వైపు, కంచం వైపు, మళ్ళీ అత్త వైపు చూశాడు.

"గంటె నీ పక్కన్నే ఉన్నది అల్లుడా," అంది అక్క, తల ఎత్తకుండానే.

ఆయన గంటె పట్టుకున్నాడు. గంటె పట్టడం జీవితంలో మొదటిసారి అనుకుంటా, అన్నం చాప మీద కాస్త చిందింది. గంటె చేతులు మారింది. అందరం తిన్నాం, మాట్లాడుకున్నాం, చారు కూడా అందుకున్నాం. మా కంచాలు ఖాళీ అయ్యాయి. అల్లుడు చెయ్యి కడుక్కుందామని లేవబోయాడు.

"కూసో," అంది అక్క. "పంక్తిల నేనింకా తింటున్న."

ఆయన కూర్చున్నాడు. మేమందరం ఎంగిలి చేతులు ఎండిపోతుంటే, అలాగే కూర్చున్నాం. అక్క కాస్త ముందుకు జరిగి, తొందరేమీ లేకుండా, ఇంకో గంటెడు పప్పు వేసుకుంది.